ప్రయాణ ప్రయోజనం

1955 జనవరి 27, గురువారం. సాయంత్రం ఐదు గంటల తొమ్మిది నిమిషాలు. ఆకాశంలో మబ్బుతునక లేదు. తూర్పు గాలి పలుచగా, పొడిగా వీస్తోంది. ఆలూరు ఆసుపత్రి వరండాలోని ఉష్ణమాపకం గంట క్రితం ఎనభై నాలుగు డిగ్రీల ఫారెన్‌హీటు చూపింది. డాక్టర్ కృష్ణవేణమ్మ నడుపుతున్న కారు ఆస్పరి రోడ్డులో మూడో మైలురాయిని ఢీకొన్నది ఆ నిమిషంలోనే. సమయం అంత కచ్చితంగా తెలియడానికి ఆమె గడియారం చూసుకోలేదు. చూసుకోనక్కరలేదు. రోజూ ఆ రాయిని ఆమె ఆ నిమిషానికే దాటుతుంది.

ఆమెకు నలభై ఏడేళ్ళు. కడప దగ్గర భూములున్న కుటుంబంలో పుట్టింది. పద్నాలుగో ఏట పెళ్ళి, పదహారో ఏట వైధవ్యం. ఆ తరువాత అన్న పట్టుబట్టి చదివించగా మద్రాసులో వైద్యం పూర్తిచేసి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఊరు తరువాత ఊరు తిరిగి, మూడేళ్ళ క్రితం ఆలూరు చేరింది. ఆమె వచ్చేనాటికి ఆలూరు బళ్ళారి జిల్లాలో ఉండేది. తరువాత మద్రాసు రాష్ట్రం విడిపోయినప్పుడు, ఆమె కదలకుండానే ఊరు కర్నూలు జిల్లాకు మారింది.

ఆసుపత్రి నాలుగు గంటలకు ఖాళీ అవుతుంది. ఆ తరువాత ఆమెకు మూడు గదుల క్వార్టర్సు ఉంది, వారానికొకసారి కడప నుంచి వచ్చే అన్న ఉత్తరం ఉంది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు నొప్పితో వస్తారు, నొప్పి తగ్గగానే రావడం మానేస్తారు. వైద్యురాలిగా ఆమె కోరుకోవలసింది అదే. ఊళ్ళో పెద్దిళ్ళవారు పండుగ నాడు పళ్ళెంలో భక్ష్యాలు పంపుతారు, పేరంటానికి మాత్రం పిలవరు. ఆమె విధవ కావడం వల్ల కొంత, డాక్టరు కావడం వల్ల కొంత. ఏది ఎంత పాలో ఆమె లెక్క వేసుకోలేదు.

అందుకే కారు. ఆదోని నుంచి స్వదేశం వెళ్ళిపోతున్న మిషను డాక్టరు దగ్గర రెండేళ్ళ క్రితం కొన్న పాత నల్లకారు అది. నడపడం తానే నేర్చుకుంది. రోజూ ఐదింటికి బయలుదేరి, ఎనిమిది మైళ్ళ అవతల రైల్వే గేటు దాకా వెళ్తుంది. ఆ వేళకు పాసింజరు వస్తుంది కనుక గేటు వేసి ఉంటుంది. బండ్లవాళ్ళ మధ్య పది నిమిషాలు నిలబడుతుంది. రైలు కిటికీల్లో ముఖాలు కనబడతాయి. అన్నం మూట విప్పుకునే ఆడవాళ్ళు, నిద్రపోయే పిల్లలు. గేటు తెరుచుకుంటుంది. బండ్లు అవతలికి పోతాయి, ఆమె మాత్రం కారు వెనక్కి తిప్పుకుని ఇంటికి వస్తుంది. అంతే. అదొక పని కాదు, షికారూ కాదు. కాని ఆ పది నిమిషాలు లేని రోజు ఆమెకు రోజుగా తోచేది కాదు.

ఆ రోడ్డు మీద పంట చేతికొచ్చే రోజుల్లో ఒక పద్ధతి ఉంది. కళ్ళం చేసుకునే తావు లేని చిన్న రైతులు ఎండిన ఉలవతీగను రోడ్డుకు అడ్డంగా పరుస్తారు. బస్సులూ బండ్లూ తొక్కి పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. పొద్దు గుంకేవేళకు తీగ ఎత్తి, గింజలు ఊడ్చుకుని, చాటలతో తూర్పార పడతారు. రోడ్ల శాఖవారి దృష్టిలో ఇది నేరం. రైతుల దృష్టిలో ఇది రోడ్డుకున్న ఉపయోగాల్లో ఒకటి.

మూడో మైలు దగ్గర కొట్టంలో ఉండే గిడ్డయ్య, అతని భార్య హంపమ్మ ఆ గురువారం మోకాటి ఎత్తున తీగ పరిచారు. అడుగున ఎండినది, పైన అరపచ్చిది. కృష్ణవేణమ్మ మూడు వారాలుగా పలుచటి తీగ మీదుగా పోవడానికి అలవాటుపడి, వేగం తగ్గించలేదు. ముందు చక్రాలు జారాయి. కారు పక్కకు ఒరిగి, రోడ్డు అంచు దిగి, తెల్లసున్నం వేసిన రాతిని గుద్దుకుని ఆగింది. ఇంజను ముందుండే నీళ్ళ తొట్టి పగిలి ఆవిరి లేచింది. ఎడమ దీపం పగిలింది. మడ్‌గార్డు చక్రం మీదికి మడత పడింది.

ఆమె ముందుగా పది వేళ్ళూ ఒక్కొక్కటే ఆడించి చూసుకుంది. తరువాత మెడ, మోకాళ్ళు. ఎడమ మోచేయి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు.

"అయ్యో తల్లీ! యాడ తగిలిందమ్మా?" హంపమ్మ చాట పారేసి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు ముందు తీగ ఎత్తు. ఎవురన్నా చూస్తే కేసయితాది," అన్నాడు వెనక నుంచి గిడ్డయ్య.

"మనిషి ఉండాదా పోయిందా చూడకుండా తీగంట, తీగ! ఉడకేసుకొని తిందువులే ఆ ఉలవలు, జైల్లో కూచొని!" అని అతని మీద విరుచుకుపడి, ఆమె డాక్టరు మోచేయి పట్టుకుంది. "పోలీసోళ్ళకు చెప్పొద్దు తల్లీ. నీ కాళ్ళు మొక్కుతా."

"ఎవరికీ చెప్పను. నన్ను కొంచెం లేవనీ," అంది కృష్ణవేణమ్మ.

గిడ్డయ్య ఎద్దులకు మోకులు కట్టి కారును మూడు మైళ్ళూ ఈడ్పించాడు. ముందు ఎద్దులు, వెనక కారు, దాని వెనక కొట్టాల జనం. క్వార్టర్సు ముందు ఇరవై మంది దాకా నిలబడ్డారు. మూడేళ్ళలో ఆ వాకిట అంతమంది ఎప్పుడూ లేరు. అల్మారాలో టింక్చరు సీసా ఉండగానే హంపమ్మ వంటింట్లోకి వెళ్ళి పసుపు నూరి తెచ్చి గాయానికి పెట్టింది. కృష్ణవేణమ్మ వద్దనలేదు.

శనివారం పొద్దున ఆదోని బస్సులో ఇన్సూరెన్సు ఏజెంటు జ్ఞానరాజు దిగాడు. నలభై దాటినవాడు, ఏ ఇంటికి పోయినా కాళ్ళు కడుక్కుని గాని కూర్చోనివాడు. మద్రాసు కంపెనీవారి క్లెయిము ఫారం బల్ల మీద పరిచి, పెన్సిలుతో గళ్ళు చూపుతూ చదివాడు. ఏడవ గడి, ప్రమాదానికి కారణం. తొమ్మిదవ గడి, ప్రయాణ ప్రయోజనం.

"ఈ తొమ్మిదోది గెట్టిగా రాయల్లమ్మా. మీది డాక్టర్ల పాలసీ. చవగ్గా వస్తాదని నేనే ఇప్పిస్తి. వృత్తి పనిమీద పోతేనే చెల్లుతాది. ఊరికే తిరిగితే చెల్లదు."

ఆమెకు గుర్తుంది. ఆ షరతు చదివి రెండేళ్ళ క్రితం ఆమె అడిగితే, 'లేడీ డాక్టరుకు షికార్లేముంటాయమ్మా' అని ఇతనే నవ్వాడు. ఆమె కూడా నవ్వి సంతకం పెట్టింది.

"ఎవురింటికి పోతాంటిరి?" అన్నాడు జ్ఞానరాజు, పెన్సిలు ఆనించి.

"ఎవరింటికీ కాదు."

"అంటే, ఆస్పరికా?"

"గేటు దాకా వెళ్ళి తిరిగి వస్తాను."

"గేటుకాడ ఏముండాది?"

"గేటే ఉంది, జ్ఞానరాజూ."

అతడు ఆమె ముఖంలోకి చూసి, చూపు ఫారం మీదికి దించుకున్నాడు. ప్రతి ప్రశ్నకూ అతని దగ్గర నాలుగు జవాబులుంటాయి. 

"సరేనమ్మా. రోగిని చూడను పోతాంటి అని రాయండి. పేరూ, ఊరూ ఒగటి కావల్ల, అంతే. ఏడో గడిలో ఎద్దు అడ్డమొచ్చిందని రాద్దాం. తీగ మాట ఎత్తితే కంపెనీవోళ్ళు పోలీసు రిపోర్టు అడుగుతారు. ఆ గిడ్డయ్యను పట్టుకుపోతారు."

"రాయకపోతే?"

"రాయకపోతే ఆ కారు షెడ్డులోనే. సామాను మద్రాసు నుంచి రావల్ల. మీ జీతం ఐదు నెలలది చాలదు. మీరే ఆలోచించండి."

ఐదు నెలల జీతం ఆమె దగ్గర లేదు. అన్నను అడిగితే ఇస్తాడు, ఇచ్చి కారు అమ్మించి, కడపకు బదిలీ చేయించి, తన ఇంట్లో వెనక గదికి ఆమె కోసం సున్నం వేయిస్తాడు. ఆ గది సంగతి అన్న ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాడు. కనుక క్లెయిము వస్తే కారుంటుంది, రాకపోతే ఉండదు. విషయం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు నిర్ణయం ఇంత కష్టంగా ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం గిడ్డయ్య, హంపమ్మ వచ్చారు. హంపమ్మ ఉతికిన చీర కట్టుకుంది. కొంగులో మానెడు ఉలవలున్నాయి. జ్ఞానరాజు తిరుగు బస్సులో మూడో మైలు దగ్గర దిగి, వాళ్ళతో మాట్లాడి పోయాడని ఆమె మొదటి మాటలోనే తెలిసింది.

"మా ఇంటికే వస్తాంటివని రాయమ్మా. నాకు జరమని చెప్తా. నాలుగు దినాల జరం, వణుకు, తిండి పోల్యా. ఎవురొచ్చి అడిగినా ఇట్లే చెప్తా," అని హంపమ్మ కళ్ళు సగం మూసి, గోడకు ఆనుకుని, మూలిగి చూపించింది.

"నాలుగు దినాల జరమున్న దానివి చాట పట్టుకొని రోడ్డు మీద ఏం చేస్తాంటివని అడిగితే?" అన్నాడు గిడ్డయ్య.

"మొగుడు పని చేయకుంటే జరమొచ్చినామే చేస్తాది అంటా."

కృష్ణవేణమ్మ నవ్వింది. ఆ ఇంట్లో తన నవ్వు ఎంత పెద్దగా వినబడిందో గమనించి ఆపుకుంది. వాళ్ళను కూర్చోమంది. వాళ్ళు గడపకు ఇవతల నేల మీద కూర్చున్నారు. ఆమె కుర్చీలో కూర్చోవాలా, నేల మీద కూర్చోవాలా తేల్చుకోలేక నిలబడే ఉంది.

"ఆ రోజు అంత ఎత్తున ఎందుకు పరిచారు, గిడ్డయ్యా?"

"బస్సు రెండు దినాలు రాల్యా అమ్మా. తీగ నిలిచిపోయింది. డాక్టరమ్మ కారు ఎట్లా వస్తాది గదాని అంతా ఒగేతూరి వేస్తిమి."

"బస్సు ఒగ దినం వస్తాది, ఒగ దినం రాదు," అంది హంపమ్మ. "నువ్వు అట్ల కాదు తల్లీ, గడియారం మాదిరి. పోయేటప్పుడు ఒగ తూరి, వచ్చేటప్పుడు ఒగ తూరి. నువ్వు వచ్చే యాలకే పరుస్తాం. ఈ నెలంతా నీ చక్రాల కిందే రాలినాయి మా ఉలవలు."

"నా కోసం చూస్తుంటారా?"

"నీ కోసమెందుకమ్మా, కారు కోసం," అన్నాడు గిడ్డయ్య.

హంపమ్మ అతన్ని మోచేత్తో పొడిచింది. "దినామూ యాడికి పోతాదో అని మాలో మేము అనుకుంటాంటిమి. గేటుకాడ చుట్టాలుండారంటాడు ఈయప్ప. నేను కాదంటి. చుట్టాలుంటే ఒగ రాత్రన్నా ఆడ ఉంటాది గదా అంటి. ఎవురుండారమ్మా ఆడ?"

"ఎవరూ లేరు," అంది కృష్ణవేణమ్మ.

హంపమ్మ కొంగు విప్పింది. ఉలవలు గడప పక్కన చాటలో పోసి లేచింది. "రాసెయ్యి తల్లీ. మా ఇంటికే. నేను అప్పుడే అందరికీ చెప్పినా."

ఆ సాయంత్రం ఐదింటికి కృష్ణవేణమ్మ ఫారం ముందు కూర్చుంది. గురువారం నుంచీ ఆమె ప్రమాదానికి కారణం తీగ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ వరుసను వెనక్కి నడిపి చూసింది. కారు జారడానికి కారణం తీగ మందం. తీగ మందంగా ఉండడానికి కారణం తన కారు తప్పక వస్తుందన్న వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకానికి కారణం తాను ఒక్క సాయంత్రమూ, ఒక్క నిమిషమూ తప్పకపోవడం. వెళ్ళవలసిన చోటున్న మనిషి ఒకరోజు ముందుగా వెళ్తుంది, ఒకరోజు ఆలస్యమవుతుంది, ఒకరోజు మానుకుంటుంది. ఏ చోటూ లేని మనిషే గడియారంలా పోతుంది. వరుస చివర మిగిలింది తీగ కాదు, ఎద్దు కాదు.

ఏడవ గడిలో ఆమె 'వేగం తగ్గించకపోవడం నా పొరపాటు' అని రాసింది. అది నిజం. దానివల్ల ఎవరినీ ఎవరూ పట్టుకుపోరు.

తొమ్మిదవ గడిలో మొదట పెన్సిలుతో హంపమ్మ పేరు రాసింది. 'మూడవ మైలు, హంపమ్మ, జ్వరం.' రాసి చదువుకుంది. ఎంతో సహజంగా ఉంది. అది చదువుతుంటే, కారు దిగి వంగి కొట్టంలోకి వెళ్ళినట్టూ, హంపమ్మ చాప దులిపి వేసినట్టూ, గిడ్డయ్య చెంబుతో నీళ్ళు తెచ్చినట్టూ తోచింది. రెండేళ్ళుగా ఆ కొట్టం ముందు నుంచి రోజుకు రెండుసార్లు పోతూ, దాని ద్వారం తూర్పుకుందో పడమటికుందో తనకు తెలియదని కూడా అప్పుడే తట్టింది.

అబద్ధం రాయడం ఆమెకు కొత్త కాదు. సెలవు కావలసిన టీచరమ్మలకు లేని నడుంనొప్పి ఎన్నోసార్లు రాసి ఇచ్చింది. కనుక ఆమె చెయ్యి ఆగింది నీతికి జడిసి కాదు. నిజమై ఉంటే బాగుండునని మనసు కోరిన ఒక్క విషయాన్ని మడ్‌గార్డు కోసం, దీపం కోసం వాడుకుని, కింద సంతకం పెట్టడం ఆమెకు చేతకాలేదు. రబ్బరుతో చెరిపి, సిరాతో రాసింది: 'ప్రత్యేక ప్రయోజనం లేదు. ప్రతి సాయంత్రమూ వెళ్తాను.'

ఆ వాక్యాన్ని మద్రాసులో ఎవరో గుమాస్తా చదువుతాడు, పక్క గుమాస్తాకు చూపిస్తాడు. చూపించనీ అనుకుని, కవరు మూసి, సోమవారం టపాలో వేసింది.

ఫిబ్రవరి పంతొమ్మిదిన రెండు వాక్యాల జవాబు వచ్చింది. ప్రయాణం పాలసీలో చెప్పిన వృత్తి సంబంధమైనది కానందున క్లెయిము మంజూరు కాలేదు. ఇందుకు చింతిస్తున్నాము.

కంపెనీ ద్వారా సంగతి తెలుసుకుని, జ్ఞానరాజు అంతకు ముందే మూడో మైలుకు కబురు మోసినట్టున్నాడు. మరుసటి వారంలో హంపమ్మ వేలికి గోరుచుట్టు లేచి ఆసుపత్రికి వచ్చింది. వరుసలో నిలబడింది గాని పలకరించలేదు. కృష్ణవేణమ్మ చీము తీసి కట్టు కడుతుండగా, కట్టు వైపే చూస్తూ అంది:

"మా ఇంటికి వస్తాంటి అని రాసేదానికి నామోషీ అయినట్లుండాదే."

"అదేం మాట, హంపమ్మా! నామోషీ కాదు."

"మరేంది? అందరికీ చెప్పుకుంటి. డాక్టరమ్మ మా ఇంటికే వస్తాంటే ఇట్లయిందని. ఇప్పుడు అందరూ నగుతాండారు. మీ ఇంటికి కార్లో డాక్టరమ్మ వస్తాదా ఏందే అని."

"అది అబద్ధం కదా. నేను రావడం లేదు కదా ఆ రోజు."

హంపమ్మ అప్పుడు తలెత్తింది. కోపం లేదు ఆ ముఖంలో, విషయం తేల్చి చెప్పేవాళ్ళ నిదానం ఉంది.

"నువ్వొస్తే మేము వద్దంటిమా తల్లీ? నువ్వు రాలేదు గాబట్టే అది అబద్ధమాయె."

కృష్ణవేణమ్మ కట్టుకు ముడి వేసింది. చెప్పవలసిన మాట ఒకటుందని తెలుసు. తొమ్మిదవ గడిలో ఆ పేరు రాసి, దాన్ని ఎందుకు చెరిపానో చెబితే చాలు. కాని వెనక పద్దెనిమిది మంది వరుసలో ఉన్నారు, ఇంత వయసు వచ్చినా అలాంటి సంగతి ఎవరితోనూ చెప్పిన అలవాటు లేదు. "నీళ్ళు తగలనియ్యకు. ఎల్లుండి మళ్ళీ రా," అంది.

ఎల్లుండి హంపమ్మ రాలేదు. కట్టు ఎవరితో మార్పించుకుందో తెలియదు.

మార్చి మొదటి ఆదివారం కృష్ణవేణమ్మ నాలుగున్నరకే తలుపు తాళం వేసి ఆస్పరి రోడ్డు మీద నడక మొదలుపెట్టింది. సంచిలో కొన్ని అరటిపళ్ళున్నాయి. స్టెతస్కోపు కావాలనే ఇంట్లో వదిలింది. మొదటి మైలు లోపలే ఒక ముసలాయన గొర్రెలు ఆపి, "యాడికి తల్లీ, నడిచి పోతాండావు?" అన్నాడు. కారులో పోయేవాళ్ళను ఆ మాట ఎవరూ అడగరు. కారు ఎక్కడికో పోతుందని అందరూ అనుకుంటారు.

"మూడో మైలుకు."

"ఎవురికి బాగల్యా?"

"ఎవరికీ ఏమీ లేదప్పా. ఊరికే."

"ఊరికేనా!" అని అతడు ఆమెను, సంచిని చూసి, గొర్రెలను తోలుకుపోయాడు. రెండో మైలు దగ్గర కంపకట్టెలు మోసుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మోపులు దించి మరీ అడిగారు. "మా కొట్టాల్లో ఎవురికమ్మా? నిన్న బాగుండ్రే అందరూ! కాన్పేమన్నానా?" ఎవరికీ కాదని ఆమె రెండుసార్లు చెప్పినా వాళ్ళు నమ్మలేదు. ఒకామె మోపు అక్కడే వదిలి, "నేను ముందుపోయి చూస్తా" అని గబగబ వెనక్కి నడవసాగింది.

కృష్ణవేణమ్మ ఆమెను కేకేసి ఆపింది. తాను వచ్చానంటే ఎవరో చావుబతుకుల్లో ఉన్నారని కొట్టాలన్నీ బెదిరిపోతాయి. హంపమ్మ వాకిట జనం చేరతారు. ఆ జనం ముందు అరటిపళ్ళు తీసి ఏమని చెప్పాలి?

"పని లేదమ్మా. కాస్త నడుద్దామని వచ్చినాను. మీరు పోండి," అని పళ్ళు వాళ్ళిద్దరికీ పంచి, వెనక్కి తిరిగింది. ఆలూరు చేరేసరికి ఆరు గంటల ఐదు నిమిషాలయింది.

1957 జూన్‌లో ఆమెకు కడపకు బదిలీ అయింది. కారును అంతకు ముందే ఆదోనిలో పాత ఇనుము కొనేవాళ్ళకు అమ్మేసింది. అన్నగారి ఇంటి వెనక గదిలో పద్నాలుగేళ్ళు బతికింది. మళ్ళీ కారు కొనలేదు, ఇంకొకరి కారు నడపనూ లేదు. డ్రైవింగు లైసెన్సును మాత్రం 1971లో చనిపోయే దాకా ఒక్క గడువు తప్పకుండా కొత్త చేయించుకుంటూ వచ్చింది.